మెష్ కట్టడమా, బంపర్ విప్పడమా?

పాత స్పోర్ట్స్ కారు కొనేవాళ్లు ఇంజిన్ చప్పుడు వింటారు, గేర్లు మార్చి చూస్తారు, ఎన్ని మైళ్లు తిరిగిందో అడుగుతారు. ముందు బంపర్ లోపల ఏం పేరుకుందో అడిగేవాళ్లు అరుదు. 1996 చివర్లో అమ్మకానికి వచ్చి 2004 దాకా తయారైన మొదటి తరం పోర్షె బాక్‌స్టర్ విషయంలో మాత్రం ముందుగా అడగాల్సింది ఆ ప్రశ్నే. తెలిసినవాళ్లు 986 అని పిలిచే ఆ కారులో ఇంజిన్ సీట్ల వెనక ఉంటుంది. దాన్ని చల్లార్చే రేడియేటర్లు మాత్రం ముందు చక్రాలకు కాస్త ముందు, బంపర్ రెండు మూలల్లో ఉంటాయి. ఎస్ మోడల్‌కైతే మధ్యలో మూడోది కూడా ఉంటుంది. ఇంజిన్ దగ్గర కాగిన కూలెంట్ కారు పొడవునా పైపుల్లో ముందుకు వెళ్లి, చల్లబడి వెనక్కి వస్తుంది. మూలల్లో ఉన్న ఒక్కో రేడియేటర్ ముందు ఒక్కో ఏసీ కండెన్సర్ ఉంటుంది. ఆ కండెన్సర్ల ముందు ఉన్నది గాలి కోసం తెరిచి ఉంచిన దారి. రోడ్డు మీద లేచిన ఎండుటాకు, కవరు ముక్క, గులకరాయి, సిగరెట్ పీక, ఏదైనా సరే అందులోంచి లోపలికి పోతుంది.

ఈ చెత్త సంగతి ఎలా చూసుకోవాలన్న దగ్గర ఈ కార్లున్నవాళ్లు రెండు పక్షాలు. గాలి దారికి మెష్ కట్టాలన్నది ఒక పక్షం. మెష్ వద్దు, ఏడాదికోసారి బంపర్ విప్పి శుభ్రం చేసుకోవాలన్నది రెండో పక్షం. టెక్సాస్‌లో డాలస్ శివార్లలో ఉండే ఒక మేనమామ, ఆయన మేనకోడలు చెరో పక్షాన్నీ గట్టిగా నమ్మినవాళ్లు. గోదావరి జిల్లాలో పుట్టిన మామయ్య ఉద్యోగమంతా హీట్ ఎక్స్‌ఛేంజర్ల డిజైన్‌లో గడిపారు, చాలా ఏళ్లు కార్వెట్ నడిపారు. మేనకోడలు ఈ మధ్యే 2001 నాటి బాక్‌స్టర్ కొంది. వాళ్ల వాదన ఇది.

మేనకోడలు: మామయ్యా, మెష్ తెచ్చేశాను. నల్ల పూత వేసిన స్టెయిన్‌లెస్ స్టీలు. ఈ శనివారం బిగించేస్తే వేసవంతా నిశ్చింతగా తిరగొచ్చు. మీరు వద్దంటారని తెలుసు. ఎందుకు వద్దో చెప్పండి.

మామయ్య: ఎప్పుడో వచ్చే ఆకును ఆపడానికి ఎప్పుడూ రావాల్సిన గాలికి అడ్డం పెడుతున్నావమ్మా. అందుకే వద్దంటున్నాను. ఇంజిన్‌లో కాలిన పెట్రోలు ఇచ్చే శక్తిలో సుమారు మూడో వంతు వేడిగా మారి కూలెంట్‌లోకి పోతుంది. ఆ వేడినంతా మోసుకుపోవాల్సింది ముందు నుంచి వచ్చే గాలే. ఆ గాలి దారిలో ఏం పెట్టినా దాని లెక్క చెప్పాలి.

మేనకోడలు: లెక్కే చెప్పండి. ఎంత అడ్డం?

మామయ్య: ఒక మిల్లీమీటరు మందం తీగ అనుకో. మూడు మిల్లీమీటర్లకో తీగ చొప్పున అల్లారు. అంటే కన్నం రెండు మిల్లీమీటర్లు. మూడింట రెండు, నిలువుకోసారి అడ్డానికోసారి గుణించు. నూటికి 44 పాళ్లే తెరిచి ఉన్నట్టు. సగానికి పైగా తీగే. ఇంకా సన్నగా ఉండాలని కిటికీలకు కొట్టే దోమల మెష్ కట్టుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్లు ఆకును ఆపారు, గాలినీ ఆపారు.

మేనకోడలు: అది తప్పు మెష్ ఎంచుకున్నవాళ్ల లెక్క. నేను తెచ్చినదాని తీగ అర మిల్లీమీటరు, ఆరు మిల్లీమీటర్లకో తీగ. కన్నం అయిదున్నర. మీ పద్ధతిలోనే గుణిస్తే నూటికి 84 పాళ్లు తెరిచే ఉంది. పైగా గాలి ఈ మెష్ దాటాక కండెన్సర్ రెక్కల్లోంచి దూరాలి, ఆ తర్వాత రేడియేటర్ రెక్కల్లోంచి దూరాలి. ఆ రెక్కల మధ్య ఎడం ఒకటి రెండు మిల్లీమీటర్లు. అంత ఇరుకు దారులు రెండు దాటాల్సిన గాలికి అయిదున్నర మిల్లీమీటర్ల కన్నం పెద్ద కష్టమా?

మామయ్య: శుభ్రంగా ఉన్నంతసేపు కాదు. అది ఒప్పుకుంటాను. తీగ ఎంత సన్నం, కన్నం ఎంత పెద్దది అన్నదాని మీదే అంతా ఉంది, నువ్వు సరైనదే ఎంచావు. కానీ ఆ మెష్ మీద నాలుగు ఆకులు పరుచుకున్నాక లెక్క చెప్పు. హైవే మీద సరే, గాలి తోసుకొస్తుంది. ముప్ఫై మైళ్ల నుంచి అరవై మైళ్లకు వెళ్తే తోపు నాలుగింతలవుతుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆ తోపు లేదు, వెనకున్న ఫ్యాన్ లాగిందే గాలి. డాలస్‌లో జూలై మధ్యాహ్నం, బయట వంద ఫారిన్‌హీట్, అంటే 38 సెల్సియస్. ఏసీ ఆన్‌లో ఉంది, ముందు బండి కదలడం లేదు. అప్పుడు ఆ నాలుగు ఆకులే నీ కొంప ముంచుతాయి.

మేనకోడలు: మెష్ లేని కారులో ఆ నాలుగు ఆకులు ఎక్కడుంటాయి మామయ్యా? లోపలే కదా! మీ స్నేహితుడి బాక్‌స్టర్ బంపర్ విప్పిన రోజు నేనూ పక్కనే ఉన్నాను. కండెన్సర్ స్క్రూలు తీసి కాస్త ముందుకు వంచగానే వెనక ఏం కనబడింది? పైన ఓక్ ఆకులు, ఎండిపోయి గలగలమంటున్నాయి. వాటి కింద తడి. ఇంకా కిందికి పోతే ఆకేదో మట్టేదో తెలియని నల్లటి ముద్ద. మీరు వేళ్లతో పట్టుకుని లాగితే తడిసిన గోనె సంచిలా ఒక్క పెళ్లగా ఊడొచ్చింది. దాని వీపున రేడియేటర్ రెక్కల గీతలు అచ్చు పడి ఉన్నాయి. సిగరెట్ పీకలు, చిప్స్ ప్యాకెట్ ముక్క, గుప్పెడు ఇసుక. కండెన్సర్ కింది మూలలో అల్యూమినియం రెక్కలు తెల్లగా పిండి పట్టి ఉన్నాయి. మీరు గోరు తగిలిస్తే రాలిపోయాయి. ఆయన అప్పుడు ఏమన్నారో గుర్తుందా? టెంపరేచర్ ముల్లు ఒక్కరోజూ పైకి లేవలేదన్నారు.

మామయ్య: గుర్తుంది. ముల్లు లేవకపోవడంలో వింతేం లేదు. రేడియేటర్‌ను గడ్డురోజుకు సరిపడా చేస్తారు. మండుటెండ, ఎత్తు రోడ్డు, నిండు వేగం, ఏసీ, ఇవన్నీ ఒకేసారి మీద పడినా తట్టుకోవాలి. మామూలు రోజున దాని సత్తువలో కొంతే ఖర్చవుతుంది. కొంత భాగం మూసుకుపోతే థర్మోస్టాట్ ఇంకాస్త తెరుచుకుంటుంది, ఫ్యాన్ ఇంకాస్త ఎక్కువసేపు తిరుగుతుంది. ముల్లు ఉన్నచోటే ఉంటుంది. తరిగిపోయేది ఆ మిగులు సత్తువ. అది పూర్తిగా అయిపోయిన రోజున, ఎండలో, ఎత్తు మీద, ముల్లు ఒక్కసారిగా లేస్తుంది. అల్యూమినియం సిలిండర్ హెడ్ వంకరపోవడానికో పగుళ్లివ్వడానికో ఎంతోసేపు అక్కర్లేదు. రేడియేటర్ ఖర్చుతో పోయేది ఇంజిన్ మీదికి వస్తుంది.

మేనకోడలు: మీరు చెప్పింది నా పక్షానికే బలం. మూసుకుపోతున్న సంగతి ముల్లు చెప్పదు కాబట్టి, చెత్త అసలు లోపలికే పోకుండా చూసుకోవాలి.

మామయ్య: నా పక్షానికీ అంతే బలం. మెష్ మూసుకుపోయిన సంగతి కూడా ముల్లు చెప్పదు. మెష్ ఉంది కదా అన్న ధీమాతో నువ్వు బంపర్ విప్పవు. విప్పకపోతే లోపల ఏముందో తెలియదు. మెష్ వల్ల జరిగే పెద్ద నష్టం గాలి తగ్గడం కాదమ్మా, మనిషి చూడటం మానేయడం.

మేనకోడలు: అక్కడే ఆగండి. మెష్ మూసుకుపోతే ముల్లు చెప్పకపోవచ్చు, నా కళ్లు చెబుతాయి. మెష్ ఉండేది బంపర్ నోటి దగ్గర. పెట్రోలు కొట్టించుకునేటప్పుడు వంగి చూస్తే ఆకు కనబడుతుంది, చేత్తో తీసేస్తాను. కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య ఇరుక్కున్న ఆకును అలా తీయగలనా? మెష్ చెత్తను మాయం చేయదు, సరే. కనబడని చోటు నుంచి కనబడే చోటుకు తెస్తుంది. అది చిన్న లాభమా?

మామయ్య: మంచి మాటే అన్నావు. అయితే అది అన్ని కార్లకూ చెల్లదు. నేను నడిపింది సీ5 కార్వెట్, 1997 నుంచి 2004 మోడల్ దాకా వచ్చింది. దాని ముఖం చూస్తే గాలి పోవడానికి చెప్పుకోదగ్గ దారి ఉండదు. రేడియేటర్‌కి గాలి కింది నుంచి వస్తుంది. ముందు భాగం అడుగున రోడ్డుకు దగ్గరగా ఒక ప్లాస్టిక్ పలక వేలాడుతుంటుంది, దాన్ని ఎయిర్ డ్యామ్ అంటారు. కారు పరిగెత్తుతుంటే రోడ్డు మీది గాలిని ఆ పలక ఆపి పైకి మళ్లిస్తుంది. గాలితోపాటు రోడ్డు మీద పడున్నవి కూడా పైకి లేచి కండెన్సర్, రేడియేటర్ల మధ్య చేరతాయి. ఆ పలక డ్రైవ్‌వే అంచులకు తగిలి విరిగిపోతే హైవే మీదే వేడెక్కుతుంది, ఎందుకంటే గాలిని మళ్లించేదే లేదు. ఏసీ వేయకపోతే ఫ్యాన్లు కూడా కూలెంట్ 108 సెల్సియస్ చేరేదాకా మొదలుకావు, అంతవరకు పరుగులో వచ్చే గాలే దిక్కు. అలాంటి కారుకు మెష్ కడితే ఎక్కడ కడతాం? బండి కింద. ఎవరు వంగి చూస్తారు? జాకీ ఎత్తితే తప్ప కనబడదు. నేను మెష్ వద్దనుకున్నది అక్కడ నేర్చుకున్న పాఠంతో.

మేనకోడలు: అంటే మన తగువు సగం రెండు కార్ల ఆకారం తెచ్చిపెట్టిందే. మీ కారుకు కింది నుంచి గాలి, నా కారుకు ముందు నుంచి. మీ కారుకు మీ మాట నిజం.

మామయ్య: సగం అంతే. మెష్ మంచిదా చెడ్డదా అని అడగడం కన్నా, కట్టాక అది కంటికి కనబడుతుందా, చేతికి అందుతుందా అని అడగాలి. నీ కారులో కనబడుతుంది, అందుతుంది. ఆ మేరకు నేను దిగివస్తాను. మిగతా సగం ఉంది, అక్కడ దిగను.

మేనకోడలు: చెప్పండి.

మామయ్య: ఇరవై ఏళ్లు దాటిన కారు కొన్నావు. ఇదివరకటి యజమాని ఎప్పుడైనా బంపర్ విప్పాడా?

మేనకోడలు: సర్వీస్ కాగితాల్లో ఎక్కడా లేదు.

మామయ్య: మరి లోపల ఉన్నదాని మీద మెష్ కడతానంటున్నావా? ఇన్నేళ్లుగా చేరిన ఆకులు లోపల ఉండగా బయట తలుపు బిగిస్తే ఏమవుతుంది? కొత్తది లోపలికి పోదు, పాతది బయటికి రాదు. లోపలి తడి అక్కడే ఉండి రెక్కల్ని తింటూనే ఉంటుంది. బయటి నుంచి చూస్తే మెష్ నిగనిగలాడుతుంటుంది. కొత్తగా కొన్న పాత కారుకు మెష్ కట్టడం మొదటి పని కాదు, చివరి పని.

మేనకోడలు: ఆ మాటకు ఎదురు లేదు మామయ్యా. శనివారం ముందు విప్పుదాం. అయితే మీరూ ఒకదానికి జవాబు చెప్పాలి. ఈ ఏడాది విప్పి శుభ్రం చేశాం, మళ్లీ వచ్చే ఏడాది విప్పుతాం. మధ్యలో ఐ-35 మీద కంకర లారీ వెనక వెళ్తున్నాను. గులకరాయి ఎగిరి నేరుగా కండెన్సర్‌కు తగిలింది. మీ ఏడాదికోసారి పద్ధతి ఆ రాయిని ఆపుతుందా?

మామయ్య: ఆపదు. నీ వాదనలో అన్నిటికన్నా గట్టిది ఇదే. ఆకుకీ రాయికీ తేడా ఉంది. ఆకు నెలల తరబడి చేరుతుంది, విప్పి తీసేయవచ్చు. రాయి ఒక్క క్షణంలో పని ముగిస్తుంది. కండెన్సర్ గొట్టాలు పల్చటి అల్యూమినియం, లోపల ఏసీ గ్యాస్ మంచి ఒత్తిడి మీద ఉంటుంది. సూదిమొన అంత కన్నం చాలు, గ్యాస్ మొత్తం పోతుంది. నీ మెష్ అయిదున్నర మిల్లీమీటర్లలోపు రాయిని వదిలేస్తుంది, అంతకన్నా పెద్దదాన్ని ఆపుతుంది, ఆపలేకపోయినా దాని వేగం చంపుతుంది. రాళ్ల రోడ్ల మీద, లారీల వెనక ఎక్కువగా తిరిగేవాళ్లకు మెష్ కట్టమని నేనే చెబుతాను. అందుకు ఆకుల కారణం అక్కర్లేదు, రాయి కారణం చాలు.

మేనకోడలు: హమ్మయ్య, ఒకటి గెలిచాను.

మామయ్య: గెలిచావు. ఇప్పుడు మెష్ ఆపలేనివాటి మాట. మే నెలలో, మళ్లీ సెప్టెంబరులో హ్యూస్టన్ వైపు వెళ్లావా? సముద్రం దగ్గరి ప్రాంతమంతా లవ్‌బగ్స్ అని నల్లటి చిన్న పురుగులు, జంటలు జంటలుగా గాలిలో తేలుతుంటాయి. కారు ముందు భాగమంతా మెత్తినట్టవుతుంది. అవి నీ కన్నాల్లోంచి తేలిగ్గా దూరతాయి. కాటన్‌వుడ్ చెట్ల దూది ఎగిరే రోజుల్లో ఆ పీచు మెష్ దాటి పోయి రెక్కల మీద పరుచుకుంటుంది. ఇసుక, దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు. పురుగుల జిగురు మీద దుమ్ము, దుమ్ము మీద దూది. మెష్ కట్టిన కారులో ఆకులు ఉండవు కానీ ఈ పొర ఉంటుంది. దాన్ని తీయడానికి విప్పడం తప్ప వేరే దారి లేదు.

మేనకోడలు: ఆ పురుగుల కోసం ఇంకా సన్న మెష్ కట్టడం కూడా తప్పే, మీ 44 పాళ్ల లెక్క వల్ల.

మామయ్య: అవును. సన్నగా కట్టేకొద్దీ మెష్ త్వరగా మూసుకుపోతుంది. మన ఊళ్లో వరికోత మిషన్ చూశావుగా. కోత రోజుల్లో దాని రేడియేటర్ చుట్టూ గాల్లో ఉన్నదంతా నూగే. రేడియేటర్‌కి మెష్ ఉంటుంది, కొన్నిటికి గడ్డి దానంతటదే జారిపోయేలా తిరిగే మెష్ ఉంటుంది. అయినా ఆపరేటర్ మిషన్ ఆపుకుని, బ్రష్‌తోనో కంప్రెసర్ గాలితోనో పొట్టు దులుపుకుంటాడు. మెష్ ఉంది కదా అని ఒక్కపూట ఊరుకున్నా మిషన్ వేడెక్కి పొలంలో నిలిచిపోతుంది. మెష్ పనిచేసేది దాన్ని దులిపే చెయ్యి ఉన్నచోటే.

మేనకోడలు: నేను మెష్ వల్ల విప్పే పని తప్పుతుందని అనలేదు మామయ్యా. విప్పాల్సిన గడువు పెరుగుతుందని అంటున్నాను. ప్రతి ఏడాదీ బంపర్ విప్పితే ప్లాస్టిక్ క్లిప్పులు విరుగుతాయి, స్క్రూ రంధ్రాలు వదులవుతాయి, రంగు గీసుకుపోతుంది. ఇరవై ఏళ్లు ఎండలో ఉన్న ప్లాస్టిక్ అది. విప్పడానికీ ఒక ఖర్చుంది.

మామయ్య: ఉంది. అందుకే తొందరపడి ఒంటి చేత్తో లాగకూడదు. శనివారం ఇద్దరం చేద్దాం. ముందు మూత తెరిచి బంపర్ పై అంచు స్క్రూలు తీయాలి, పక్క ల్యాంపులు తీయాలి, చక్రాల గూళ్లలో ఉన్నవి, అడుగున ఉన్నవి తీయాలి. ఆ తర్వాత చెరోపక్క పట్టుకుని ముందుకు లాగి దుప్పటి మీద పెట్టాలి. కండెన్సర్‌ను పట్టి ఉంచే స్క్రూలు వదులు చేసి, పైపులు మెలిపడకుండా కాస్త ముందుకు వంచాలి. ఏసీ పైపుల జాయింట్లు మాత్రం ముట్టుకోకూడదు. గ్యాస్ పని లైసెన్సున్నవాళ్లది.

మేనకోడలు: తర్వాత ప్రెషర్ వాషర్‌తో కొట్టేద్దామా?

మామయ్య: వద్దే వద్దు. ఆ నీటి దెబ్బకు రెక్కలు వంగిపోయి ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఆకులు మూసినదానికన్నా అది ఘోరంగా మూసుకుపోతుంది, మళ్లీ దువ్వెనతో ఒక్కో రెక్కా సరిచేసుకోవాలి. ముందు పొడిగా ఉన్నప్పుడే వ్యాక్యూమ్‌తో లాగాలి. తడిపితే ఆకు ముద్దై రెక్కల్లోకి ఇంకుతుంది. తర్వాత మెత్తటి బ్రష్‌తో, రెక్కలు ఏ దిక్కుగా ఉంటే ఆ దిక్కుగానే తుడవాలి. చివర్లో తోట పైపుతో నెమ్మదిగా, వెనక నుంచి ముందుకు. చెత్త ఏ దారిన వచ్చిందో ఆ దారినే పోవాలి. ఘాటైన ఆమ్లం, క్షారం ఉన్న క్లీనర్లు అల్యూమినియాన్ని తింటాయి, మామూలు సబ్బు నీళ్లు చాలు.

మేనకోడలు: అప్పుడే ఫ్యాన్లు కూడా చూడాలి కదా.

మామయ్య: తప్పకుండా. ఏసీ వెయ్యగానే రెండు వైపులా ఫ్యాన్లు తక్కువ వేగంతో తిరగాలి. ఈ కార్లలో ఆ తక్కువ వేగానికి పనికొచ్చే రెసిస్టర్లు కాలిపోవడం మామూలే. అవి పోతే ఫ్యాన్ తక్కువ వేగంలో తిరగదు. బాగా వేడెక్కాక గాని ఎక్కువ వేగం అందుకోదు. అప్పటిదాకా సిగ్నల్ దగ్గర గాలి లేనట్టే. ఇంకో గుర్తు చెబుతాను. ముల్లు కన్నా ముందు ఏసీ చెబుతుంది. ఆగినప్పుడు చల్లదనం తగ్గి, బండి కదలగానే మళ్లీ చల్లగా వస్తోందంటే కండెన్సర్‌కి గాలి ఆడటం లేదని అనుమానించు. ఫ్యాన్ పోయిందో, ముందు ఆకులు చేరాయో అన్నమాట.

మేనకోడలు: ఇప్పుడు నా మెష్ ఎలా బిగించాలో మీరే చెప్పండి. మీ షరతుల ప్రకారమే చేస్తాను.

మామయ్య: ఒకటి, మెష్ రెక్కలకు ఆనకూడదు. నోటి దగ్గర, బంపర్‌కి పట్టి ఉండాలి, కండెన్సర్‌కి ఎడంగా. ఆనుకుంటే కారు కదిలినప్పుడల్లా తీగ రెక్కను కోస్తుంది. పైగా నీది స్టెయిన్‌లెస్, రెక్కలు అల్యూమినియం. రెండు లోహాలు తడిలో తగులుకుంటే తుప్పు పట్టేది అల్యూమినియమే. డాలస్‌లో కొంత నయం, చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే న్యూజెర్సీలో అయితే ఇంకా త్వరగా పోతుంది. రెండు, కత్తిరించిన అంచులు మడిచి పెట్టు. మూడు, జిప్ టైలు ఎండకు పెళుసై తెగుతాయి, వేసవికోసారి మార్చు. తెగిన మెష్ ఊగుతూ కండెన్సర్‌ను గీకడం కన్నా మెష్ లేకపోవడమే మేలు. నాలుగు, ఒక్క చేత్తో ఊడదీసి కడిగేలా కట్టు.

మేనకోడలు: సరే. గడువు సంగతి తేలలేదు. మీరు ఏడాది అంటారు, నేను మూడేళ్లు అంటాను.

మామయ్య: క్యాలెండర్ చూసి నువ్వూ చెప్పలేవు, నేనూ చెప్పలేను. నీ ఇంటి ముందున్నది లైవ్ ఓక్. మిగతా చెట్లు ఆకురాలు కాలంలో రాలిస్తే అది వసంతంలో రాలుస్తుంది. దాని కిందే కారు పెడతావు. గ్యారేజ్‌లో పెట్టుకునేవాడికీ నీకూ ఒకే గడువు ఎలా కుదురుతుంది?

మేనకోడలు: అయితే కొలుద్దాం. 1996 నుంచి అమెరికాలో అమ్మిన కార్లన్నిటికీ ఓబీడీ-2 పోర్టు ఉంది. చిన్న రీడర్ గుచ్చితే ముల్లు చెప్పని కూలెంట్ టెంపరేచర్ అంకెల్లో తెలుస్తుంది. శనివారం విప్పకముందు ఒకసారి, శుభ్రం చేశాక మెష్ లేకుండా ఒకసారి, మెష్ కట్టి ఒకసారి నడుపుతాను. మూడు అంకెలూ పక్కపక్కన పెడితే మెష్ ఎంత గాలి ఆపుతోందో తేలిపోతుంది.

మామయ్య: అదే రోడ్డు, అదే వేగం, దాదాపు అదే ఎండ, ఏసీ ఆన్‌లో ఉండాలి. చల్లటి ఉదయం కొలిస్తే మూడూ ఒకటే అంకె వస్తుంది, థర్మోస్టాట్ అన్నీ దాచేస్తుంది. మధ్యాహ్నం ఎండలో కొలువు. హైవే మీద నిలకడ వేగంలో ఒకటి రాసుకో, ఆ వెంటనే సిగ్నల్ దగ్గర అయిదారు నిమిషాలు ఆగినప్పుడు ఇంకోటి రాసుకో. హైవే మీద వేడి పెరిగిందంటే గాలి దారి మూసుకుందని అర్థం. ఆగినప్పుడు మాత్రమే పెరిగితే ఫ్యాన్‌ను అనుమానించు. మెష్ కట్టాక సిగ్నల్ దగ్గర అంకె బాగా పెరిగితే మాత్రం నా మాట విని విప్పేస్తావా?

మేనకోడలు: విప్పేస్తాను. పెరగకపోతే మీరు ఇక మెష్‌ను తిట్టరుగా?

మామయ్య: నీ కారు మీద తిట్టను. కార్వెట్ మీద తిడుతూనే ఉంటాను. కొండ రోడ్ల మీద, రేస్ ట్రాక్ మీద కారు తోలేవాడికి మాత్రం ఇప్పటికీ మెష్ వద్దనే చెబుతాను. అక్కడ మిగులు సత్తువ చివరి చుక్క దాకా కావాలి.

మేనకోడలు: రాళ్లు ఎక్కువ ఎగిరేది కూడా ట్రాక్ మీదే మామయ్యా, ముందు కారు చక్రాల నుంచి. ఆ ఒక్కదానిలో మీరూ నేనూ కలవం.

మామయ్య: కలవకపోయినా ఫరవాలేదు. ఒక్కటి మాత్రం తప్పకుండా చెయ్యి. శనివారం తీసిన చెత్త ఫోటో, కొలిచిన అంకెలు, తేదీ, మైళ్లు, మెష్ కన్నం ఎంత, ఎప్పుడు బిగించావు, అన్నీ సర్వీస్ ఫైల్లో పెట్టు. వచ్చే ఏడాది అదే ఎండలో మళ్లీ కొలిచి, అంకె పెరిగితేనే విప్పు. అప్పుడు గడువు నేను చెప్పినట్టూ కాదు, నువ్వు చెప్పినట్టూ కాదు, కారు చెప్పినట్టు. ఎప్పుడైనా అమ్మితే ఆ ఫైలు కొన్నవాళ్ల చేతిలో పెట్టు. ఈ కార్లు ఇక కొత్తగా తయారుకావు. ఉన్నవి మిగలాలంటే ఒక యజమాని తెలుసుకున్నది తర్వాతి యజమానికి తెలియాలి.

మేనకోడలు: ఈ కారుతో నాకు అందని కాగితం అదొక్కటే. నా తర్వాత కొనేవాళ్లకు అందుతుంది. శనివారం ఉదయం ఎనిమిదికి రండి మామయ్యా, ముందు విప్పుదాం.